బిడ్డని మేనమామ ఒళ్ళో కూచోబెట్టాలంట, నేనేమో దేవుణ్ణి నమ్మను

ప్రశ్న: అమ్మా నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట, నాకు 29 ఏళ్ళు, ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నా. దేవుడు లేడని నాకు ఇంటర్లోనే అనిపించింది కానీ ఇంట్లో చెప్పింది మాత్రం రెండేళ్ళ కిందట, అప్పట్నించీ మా నాయన నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. ఇప్పుడు మా అక్క కొడుక్కి పదకొండో నెల వచ్చింది, కొండ మీద పుట్టెంటుకలు తీయించాలంటున్నారు, మేనమామ ఒళ్ళోనే కూచోబెట్టాలి కదా, ఉండేది నేనొక్కణ్ణే. నేను రానన్నాను. అక్క ఫోన్లో ఏడ్చింది. ఇంకోపక్క అక్క వాళ్ళ అత్తగారేమో దేవుడు లేడనేవాడి ఒళ్ళో కూచోబెడితే మొక్కు చెల్లతాదా అని అన్నారంట. పోతే నేను చెప్పిన మాటకి విలువ ఉండదు, పోకపోతే పుట్టింటి తరఫున ఎవరూ రాలేదని అక్క మాట పడుతుంది. ఏం చేయాలో చెప్పండి. – పేరు వద్దు, తిరుపతి

జవాబు: పో నాయనా. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, ఎందుకో తర్వాత చెప్తా.

నేను కూడా నీ మాదిరే. దేవుణ్ణి నమ్మనని బయటికి చెప్పి ముప్పై అయిదేళ్ళు దాటింది, అదీ ఈ ఊళ్ళో, పొద్దున తలుపు తీస్తే కొండ కనపడే ఊళ్ళో, ఏ ఆటో ఎక్కినా ముందు స్వామి ఫోటో ఉండే ఊళ్ళో, బయటి ఊరి చుట్టం ఫోన్ చేసినా బాగున్నారా అన్న తర్వాత రెండో మాట దర్శనం టికెట్లు దొరుకుతాయా అనే ఊళ్ళో. కాబట్టి నీ గొంతులో అడ్డం పడింది ఏందో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళు దాచుకుని దాచుకుని చివరికి ధైర్యం చేసి చెప్పిన మాట, అది ఒక్క పూటలో ఉత్తదైపోతుందేమో అని నీ భయం.

కానీ ఒకటి ఆలోచించు. కల్యాణకట్టలో కూచున్నాక నీ పని ఏంది? బిడ్డ తల కదలకుండా పట్టుకోవడం. నేను మా అన్న కూతురికి తీయించినప్పుడు పక్కనే నిలబడి చూసినాను, నీళ్ళు చల్లి తల తడపంగానే ఆ పాప ఒళ్ళంతా బిగబట్టేసింది, కత్తి తగలంగానే ఎక్కెక్కి ఏడుపు, మా వదిన చూడలేక అటు తిరిగి నిలబడిపోయింది, వాళ్ళ తమ్ముడు మాత్రం పాప చెవుల పక్కన రెండు అరచేతులూ ఆనించి, గడ్డం తన మోచేతి మీద పెట్టుకుని, ఏదో పిచ్చిపాట పాడతా ఉన్నాడు, ఆయన చొక్కా నిండా చిన్న చిన్న వెంట్రుకలు, పాప చీమిడి. గుండు అయిపోయి గంధం పూసిన తర్వాత పాప పోయింది అమ్మ దగ్గరికి కాదు, మళ్ళీ ఆ మేనమామ భుజం మీదికే. అక్కడ దేవుడికి ఇచ్చేది వెంట్రుకలు, అది మీ అక్క వాళ్ళ అత్తింటి మొక్కు. నువ్వు ఇచ్చేది ఒళ్ళు. ఆ ఒళ్ళు బిడ్డకి.

అట్లని పోయి అందరితో కలిసి గోవిందా అని అరిచేసి రమ్మని నేను చెప్పను. అది మాత్రం వద్దు, అది నీకూ మంచిది కాదు, వాళ్ళకీ మర్యాద కాదు, నమ్మి అనే మాటని నమ్మనోడు ఊరికే అనడం వాళ్ళ నమ్మకాన్ని తేలిక చేయడమే అని నా అభిప్రాయం. పోయే ముందర, ఫోన్లో కాదు, అక్క ఇంటికి పోయి ఎదురుగా కూచుని చెప్పు. అక్కా నేను వస్తా, పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకుంటా, సామాన్లు మోస్తా, అవ్వని చెయ్యి పట్టుకుని నడిపిస్తా, నేను గుండు కొట్టించుకోను, నామం పెట్టుకోను, మీరు దర్శనానికి పోయినప్పుడు నేను బ్యాగులు, ఫోన్లు చూసుకుంటా బయట ఉంటా, అని. ముందే చెప్తే అది కబురు, అక్కడికి పోయినాక క్యూ దగ్గర చెప్తే అది గొడవ. చాలామంది నాస్తికులు ఇక్కడే తప్పు చేస్తారు, అందరూ కూడిన చోట, టెన్షన్‌లో ఉన్నప్పుడు నోరు తెరుస్తారు, ముందు నెల రోజులు టైం ఉన్నప్పుడు మాత్రం మాట్లాడరు.

అక్క అత్తగారి దగ్గరికి కూడా నువ్వే పో. ఆమె అన్న మాట నీకు కోపం తెప్పించి ఉంటుంది కానీ ఆమె వైపు నుంచి చూడు, మొక్కు ఆమెది, ఏదన్నా లోటు జరిగితే మనవడికి ఏమవుతుందో అని ఆమెకి నిజంగానే భయం. అత్తా, నేను నమ్మను, మీ ముందు అబద్ధం ఆడలేను, బిడ్డని మాత్రం జాగ్రత్తగా పట్టుకుంటా, మీ మనసుకి సరిపోకపోతే చెప్పండి, వరసకి మేనమామ అయ్యే వాళ్ళని ఇంకొకర్ని కూచోబెట్టండి, నేను పక్కన నిలబడతా, అని అడుగు. ఆమె వద్దంటే వద్దు. దాంట్లో నీకు అవమానం ఏమీ లేదు. ఆమె మొక్కు మీద ఆమెకి హక్కు ఉంది, నీ మాట మీద నీకు ఉన్నట్టే.

లడ్డూ సంగతి కూడా అడుగుతారు చూడు, దేవుడు వద్దు కానీ లడ్డూ కావాల్నా అని. ఎవరన్నా ప్రేమగా చేతిలో పెడితే తిను. వద్దని చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ పెట్టిన మనిషిని కాదన్నట్టు అవుతుంది.

నా సంగతి ఒకటి చెప్తా. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, పెరటాసి నెల శనివారం, మా మేనత్త ఒక్కపొద్దు ఉండి తళిగ, అంటే స్వామికి నైవేద్యం, వేసుకుంటా ఉంటే, నేను కాలేజీలో కొత్తగా నేర్చుకున్న వాదనలన్నీ ఆమె ముందర కుమ్మరించినాను. ఆకలితో ఉన్న మనిషి, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. ఆమె జవాబు చెప్పలేదు. తర్వాత ఎన్ని శనివారాలు వచ్చినా తళిగకి నన్ను పిలవలేదు. నా వాదనలో ఒక్క తప్పు కూడా లేదు, ఇప్పటికీ లేదనే అనుకుంటా, కానీ ఆ పొద్దు ఆ మాట ఆమెకి ఎందుకు చెప్పినాను అంటే నా దగ్గర జవాబు లేదు. ఆమె పోయి పన్నెండేళ్ళు అయింది, అది ఇంకా నన్ను వదల్లేదు.

అందుకే మా అమ్మ అరవై రెండేళ్ళ వయసులో అలిపిరి మెట్లకి పసుపు కుంకుమ పెడతా ఎక్కాలి అన్నప్పుడు నేను ఇంకో మాట మాట్లాడకుండా వెంట పోయినాను. 3550 మెట్లు. ప్రతి మెట్టుకీ వంగి పసుపు, కుంకుమ, మళ్ళీ లేచి ఇంకో మెట్టు. నేను వెనక పొట్లాలు, నీళ్ళ బాటిలు పట్టుకుని, ఒక పొట్లం అయిపోతే ఇంకోటి చింపి ఇస్తా ఉన్నాను. గాలిగోపురం వచ్చేసరికి ఆమె వేళ్ళు ఎర్రగా అయిపోయినాయి, నడుం పట్టుకుని కూచుంది, ఇంక చాలు అమ్మా బస్సుకి పోదాం అన్నాను, ఆమె తల అడ్డంగా ఊపి నువ్వు పెట్టద్దులే, నువ్వు నమ్మవు గదా, నాకు చెయ్యి ఇయ్యి చాలు, అనింది. మోకాళ్ళ మిట్ట దగ్గర నుంచి పైదాకా నా భుజం మీద చెయ్యి పెట్టుకునే వచ్చింది. నన్ను ఒక్క మెట్టుకి కూడా బొట్టు పెట్టమని అడగలేదు. నేనూ వేలు ముంచలేదు. ఆ రోజు మా ఇద్దరి మధ్యలో ఒక్క అబద్ధం లేదు.

ఇంకొకటి, నమ్మేవాళ్ళతో కలిసి పని చేస్తే నాస్తికత్వం పలచబడిపోతుందని నీకు అనిపిస్తే గోరా గారిని చూడు. గోపరాజు రామచంద్రరావు గారు, 1902లో పుట్టినాయన, దేవుడు లేడని చెప్పినందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో విజయవాడకి మార్చినారు. అంత గట్టి మనిషి, రోజూ ప్రార్థన చేసే గాంధీ గారితో సేవాగ్రాంలో కూచుని చర్చలు చేసినాడు. గోరా గారి పెద్దమ్మాయికి, హరిజనులని అప్పట్లో పిలిచిన కులం అబ్బాయికి పెళ్ళి అంటే గాంధీ గారు తన ఆశ్రమంలోనే జరిపిస్తా అన్నారు, అక్కడ దేవుడి పేరు బదులు సత్యం అనే మాట వాడడానికి కూడా ఒప్పుకున్నారు. పెళ్ళి జరిగే లోపలే గాంధీ గారిని చంపేసినారు, 1948లో సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది. ఇద్దర్లో ఎవరూ తన మాట వదులుకోలేదు. అంటరానితనం పోవాలి అనే దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే పక్క.

మీ నాయన సంగతి, దానికి టైం పడుతుంది. దేవుడి గురించి మళ్ళీ మాట తీయద్దు, ఆయన మందులు, బీపీ, కరెంటు బిల్లు, ఇవే మాట్లాడతా ఉండు. కొడుకు చెడిపోయినాడని ఆయన బాధ, చెడిపోలేదని ఆయన కళ్ళతో చూస్తే తప్ప నీ మాటతో నమ్మడు.

ప్రశ్న: మేడమ్, నాకు 48 ఏళ్ళు, చిత్తూరులో నేనూ మా తమ్ముడూ కలిసి కిరాణా అంగడి పెట్టుకుని ఉన్నాం. లెక్కల్లో రెండు లక్షల నలభై వేలు తేడా వచ్చింది. నేను తీయలేదు. మా తమ్ముడు ఒకటే మాట, కాణిపాకం వచ్చి కోనేట్లో మునిగి ప్రమాణం చెయ్, అప్పుడు నమ్మతా అంటాడు. నేను నాస్తికుణ్ణని ఊరంతా తెలుసు. చేయనంటే దొంగ కాబట్టే భయపడతా ఉండాడు అంటున్నారు. చేసేస్తే పోతుంది కదా అని మా ఆవిడ అంటోంది. – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ఆవిడ చెప్పింది సులువైన దారి, నేను కాదనను, కానీ మీరు చేయకూడదనే నేను చెప్తా, దానికి కారణం మీ తమ్ముడే.

కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం అంటే మన జిల్లాలో ఎంత బరువైన మాటో మీకు తెలుసు, ఎంతమంది అప్పు ఎగ్గొట్టినోళ్ళు ఆ గుడి గడప దాకా పోయి లోపలికి పోలేక వెనక్కి వచ్చి డబ్బు కట్టేసినారని కథలు కథలుగా చెప్పుకుంటారు. మీ తమ్ముడు అడిగేది అదే బరువు. అన్న దేనికన్నా భయపడి నిజం చెప్తాడని ఆయన ఆశ. మీకు ఆ భయం లేదు. లేనప్పుడు మునిగి లేచి ప్రమాణం చేస్తే ఆయన చేతిలో చెల్లని నోటు పెట్టినట్టే, ఆయన దాన్ని అసలు నోటు అనుకుని జేబులో పెట్టుకుంటాడు. మీరు డబ్బు తీయకపోయినా అక్కడ మాత్రం మోసం చేసినోళ్ళు అవుతారు.

కోర్టులో కూడా దేవుడి మీద ప్రమాణం చేయాలనేం లేదు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు తీయకుండా నిజమే చెప్తానని గట్టిగా మాట ఇస్తే చాలు, మన మంత్రులకి, ఎమ్మెల్యేలకి కూడా రాజ్యాంగం ఆ రెండు దారులూ పెట్టింది. ఎట్లా చెప్పినా సరే, కోర్టులో అబద్ధం సాక్ష్యానికి ఏడేళ్ళ దాకా జైలు ఒకటే.

కాబట్టి మీకు బరువైనది ఏందో అది తమ్ముడి ముందర పెట్టండి. రోజువారీ చిట్టా పుస్తకం, హోల్‌సేల్ బిల్లులు, మీ ఫోన్‌పే, మీ బ్యాంకు స్టేట్‌మెంటు, మీ ఆవిడది కూడా, మొత్తం తీసుకుపోయి మీ ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి చేతిలో పెట్టండి, మేనమామ కానీ ఆడిటర్ కానీ. నేను తీసినానని తేలితే అంగడిలో నా సగం నీకే అని స్టాంపు పేపర్ మీద రాసి ఇవ్వండి. ప్రమాణం ఎందుకు చేయనో కూడా ఇదే మాటల్లో చెప్పండి, గుడిని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనద్దు. ఒరే, నీకు దేవుడి ముందు అబద్ధం ఆడడం ఎంత పాపమో, నాకు నమ్మకుండా నమ్మినట్టు నటించడం అంత తప్పు, అని. అన్నదమ్ములు కదా, ఆ మాట ఆయనకి తగులుతుంది. తగలకపోయినా లెక్క అయితే తేలుతుంది.

ప్రశ్న: నేను పలమనేరు దగ్గర ఒక పల్లెలో టీచర్ని. మా ఊళ్ళో పాము కరిస్తే ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికే తీసుకుపోతారు. నేను చెప్తే, నువ్వు దేవుణ్ణే నమ్మవు నీకేం తెలుసమ్మా అంటారు. ఊరుకోవాలా? – ఒక టీచర్

జవాబు: ఊరుకోవద్దమ్మా. దీపం పెట్టుకునే వాళ్ళ దగ్గర, ఒక్కపొద్దు ఉండే వాళ్ళ దగ్గర మనం నోరు మూసుకోవచ్చు, ప్రాణం పోయే దగ్గర మూసుకుంటే అది మర్యాద కాదు.

కానీ దేవుణ్ణి ఆ మాటలోకి తీసుకురావద్దు. మంత్రం అబద్ధం అని మొదలుపెడితే మీరు ఓడిపోయినట్టే, ఆ పక్కన బిడ్డకి ఊపిరి ఆగిపోతా ఉంటుంది. మంత్రం వేయించుకోండి, ఆయన్ని కూడా బండి ఎక్కించుకోండి, దార్లో వేస్తాడు, బండి మాత్రం ఆస్పత్రికి పోనీయండి, అని చెప్పండి. నేను ఇట్లా చెప్పి చూసినాను, పని చేసింది, ఆ మంత్రం ఆయన కూడా బండి ఎక్కినాడు.

మంత్రం పని చేస్తుందని ఊరి వాళ్ళు అనుకోవడానికి కారణం కూడా ఉంది, అది గొడవ లేని రోజు, పిల్లలకి క్లాసులో చెప్పండి. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగానికి విషమే లేదు, విషం ఉన్న పాము కూడా కొన్నిసార్లు కరుస్తుంది కానీ విషం వదలదు. వాళ్ళంతా ఎట్లాగూ బతుకుతారు, పేరు మంత్రానికి వస్తుంది. మన దేశంలో ఎక్కువమందిని చంపేవి నాలుగు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే ఇంజెక్షన్ మందు ఉంది. కట్లపాము మరీ ఘోరం, రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు, తెల్లారేసరికి కళ్ళ రెప్పలు వాలిపోయి మాట ముద్దగా వస్తుంది. గట్టిగా కట్టు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఇవేవీ వద్దు, కాలో చెయ్యో కదలకుండా పెట్టి, నడిపించకుండా 108కి ఫోన్ చేయాలి. మీ స్కూలు గోడ మీద ఇవి పెద్ద అక్షరాలతో రాయించండి, గుడి గోడ మీద రాసుకోనిస్తే ఇంకా మంచిది, పూజారి గారిని అడిగి చూడండి, అందరూ చూసేది ఆ గోడే కదా.

ప్రశ్న: నాస్తికుడివి అయితే తాత ఆస్తిలో వాటా రాదని మా పెదనాయన బెదిరిస్తున్నాడు. నిజమా? ఇంకొకటి, నాస్తికత్వం మన సంప్రదాయంలోనే లేదంటాడు. – శ్రీకాళహస్తి

జవాబు: నిజం కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం హిందూ ఇంట్లో పుట్టి దేవుణ్ణి నమ్మని వాళ్ళకి కూడా వర్తిస్తుంది, గుడికి పోతావా లేదా అని దాంట్లో ఎక్కడా లేదు. పిత్రార్జితంలో నీ వాటా నీదే. ఎవరన్నా తన సొంత సంపాదన వీలునామాతో ఇంకొకరికి రాసుకుంటే అది వేరే, దానికి నమ్మకంతో పని లేదు.

సంప్రదాయం అంటావా, రామాయణం అయోధ్యకాండలో జాబాలి అనే ఆయన సాక్షాత్తూ రాముడి ముందర నిలబడి, పరలోకం లేదు, శ్రాద్ధాలు పెట్టడం అన్నం దండగ, వెనక్కి వచ్చి రాజ్యం ఏలుకో అని చెప్తాడు. రాముడికి కోపం వచ్చింది, గట్టిగానే తిట్టినాడు, వశిష్ఠుడు మధ్యలో వచ్చి నిన్ను వెనక్కి తీసుకుపోవడానికే అట్లా అన్నాడులే అని సర్దినాడు. జాబాలిని మాత్రం ఎవరూ వెలివేయలేదు. మీ పెదనాయన కొండకి పోయినప్పుడు జాపాలి తీర్థం ఆంజనేయుడి దగ్గరికి పోతాడు కదా, అది జాబాలి మహర్షి తపస్సు చేసిన చోటు అనే చెప్పుకుంటారు. పేరు ఒకటే. ఈ కథ ఆయనకి కోపంగా కాదు, పక్కన కూచుని నిదానంగా చెప్పు.

ప్రశ్న: మీరు పోయినాక కర్మ ఎవరు చేస్తారు మేడమ్? తప్పుగా అనుకోవద్దు. – తిరుచానూరు

జవాబు: తప్పేం లేదమ్మా, మంచి ప్రశ్న అడిగినావు. నా శరీరం మెడికల్ కాలేజీకి ఇవ్వాలని రాసి పెట్టినాను. కళ్ళు ఆరు గంటల లోపల తీసుకోవాలి కాబట్టి ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా రాసి ఉంచినాను. మనం ఎంత రాసినా ఆ రోజు ఇంట్లో వాళ్ళు ఒప్పుకోకపోతే జరగదు, అందుకే బతికి ఉన్నప్పుడే అందర్నీ కూచోబెట్టి చెప్పాల్సిన మాట ఇది. పోస్ట్‌మార్టం అయిన శరీరాన్ని మామూలుగా తీసుకోరు, అది కూడా చెప్పినాను.

మా కోడలు బాగా నమ్మే మనిషి, శనివారాలు ఉంటుంది, మెట్లెక్కుతుంది. కాగితాలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో చూపిస్తా ఉంటే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, అత్తా, నువ్వు చెప్పినట్టే చేస్తాం, కానీ పదకొండు రోజులు నేను ఇంట్లో దీపం పెట్టుకుంటా, అది నా కోసం, అనింది. పెట్టుకో తల్లీ, నూనె ఎక్కువ పోసి పెట్టుకో, అన్నాను.